ధర దగ్గర ఆగిన బోటు

ఆదివారం రాత్రి

నా తల్లి, నా బంగారం! మా అమ్మాయి గౌరి తను తయారుచేసిన వెబ్‌సైట్ ఇవాళ అందరికన్నా ముందు నాకే చూపించింది. హార్బర్లో చేపలమ్మేవాళ్లు ఫోటో పెట్టి పేరూ ధరా రాస్తే, కొనేవాళ్లకి ఇంటి దగ్గరే కనిపిస్తాదంట.

"మొదటి ఫోటో నువ్వే పెట్టు నాన్నా" అంది. నాకింక పట్టపగ్గాల్లేవు!

చేప ఫోటో నా దగ్గర ఏదీ? ఫోన్లో మా బోటు ఫోటో ఉంది, నా మోకాళ్లు పోయాక నేను అమ్మేసిన బోటు. అదే పెట్టాను. ఫోటో ఎక్కుతూ తెర మీద చిన్న చక్రం తిరుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఆగక్కర్లేదు నాన్నా. దాని పాటికి అది ఎక్కుతాది, నువ్వు మిగతాది రాసుకో."

"ఓహో! వల నీళ్లలో ఉండగా మేం బోటు మీద కూర వండుకున్నట్టా?"

"అదే! ఈ మాట నాకు తట్టలేదేటి?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

ఈలోగా నీలం రంగు బోటు వచ్చి ఫోన్లో నిలబడింది. పేరు రాశాను. ధర దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది నింపకపోతే ముందుకెళ్లనివ్వదు.

"ఏదో ఒక అంకె కొట్టీ నాన్నా, ఉత్తుత్తిదే కదా."

కొట్టలేకపోయాను. ఒకసారి అమ్మినందుకే తెల్లారగట్ల ఇంజను చప్పుడు వినపడితే ఇప్పటికీ లేచి కూర్చుంటన్నాను.

గౌరి నా మొహం చూసి, "పోనీలే, రేపు చూద్దాం" అని వెళ్లి పడుకుంది. పంపకుండా పేజీ మూసేస్తే అందులోంచి బోటు పోతాదంట. ఫోటో నా దగ్గరే ఉంది, తెలుసు. అయినా మూయబుద్ధి కాలేదు. ఫోన్‌కి చార్జరు పెట్టి అలాగే ఉంచాను.