ఎర్రగానే తిరిగొచ్చిన రక్తం

తమ్ముడూ,

ఈ రోజు నీ సంవత్సరీకం. మన చాల్‌లో పైఅంతస్తులో ఉండే నర్సు లక్ష్మి భోజనానికి వచ్చింది. నీ ఊపిరితిత్తులు పాడై మిషన్ మీద ఉన్నప్పుడు నిన్ను చూసుకున్నది తనే. ఏడాదిగా నన్ను తొలుస్తున్న సంగతి ఇవాళ అడిగేశాను.

రోజూ నీ మెడలోని గొట్టం నుంచి తీసే రక్తం నల్లగా ఉండేది. చివరి రోజు ఎర్రగా మెరిసింది. ఆక్సిజన్ బాగా అందుతోందనుకుని, పోచమ్మకు బోనం ఎత్తడానికి నిన్ను వదిలి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నువ్వు లేవు. మరి ఆ ఎరుపు ఏమిటి?

"అది ఒళ్లంత తిరిగొచ్చిన రక్తమక్కా. ఒళ్లు ఆక్సిజన్ తీస్కుంటే నల్లగ కావాలె. ఎర్రగనే మళ్లొచ్చిందంటే తీస్కుంటలేదన్నట్టు."

"అంటే నల్లాకు నీళ్లొస్తున్నయి గని, బిందె పెట్టేటోళ్లు లేరా?"

"గట్లనే! నువ్వు డాక్టరువి కావాల్సింది."

నల్లాలు బిగించే నీకైతే ఇది వెంటనే అర్థమయ్యేది. ఒళ్ళు ఎందుకు తీసుకోదో మాత్రం పెద్ద డాక్టర్లకూ పూర్తిగా తెలియదట. నువ్వుంటే పైపంతా విప్పి చూడాలనేవాడివి.

"గప్పుడే ఎందుకు చెప్పలే లక్ష్మీ?" అన్నాను.

"నువ్వంత సంబురంగ బోనానికి పోతుంటే నోరు రాలే."

తన విస్తట్లో ఇంకాస్త అన్నం వడ్డించాను.

"నేను పోయినంక వాని పక్కన ఎవరున్నరు?"

"నేనే అక్కా. చెయ్యి పట్టుకొనే ఉన్న."

మీ అక్క