సోమవారం కలెక్టరు వస్తుంది

ఒలీవ కొమ్మ విద్యాలయం
(ఎల్‌కేజీ నుంచి డిగ్రీ వరకు ఒకే ఆవరణ)
ఆగిరిపల్లి మండలం
ఏప్రిల్ 2

శ్రీమతి వెంకాయమ్మ గారికి,

ప్రభువు నామంలో శుభములు.

మీ మనవరాలు, డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థిని కుమారి మౌనిక, జనవరి ఇరవై నుంచి తరగతులకు హాజరు కావడం లేదని రిజిస్టరును బట్టి తెలియుచున్నది. ఈ సెమిస్టరులో ఆమె హాజరు పదకొండు శాతం. డెబ్బై ఐదు ఉండవలెను. కావున ఈ నెల ఇరవై ఒకటిన మొదలయ్యే ఆఖరి పరీక్షలకు ఆమెకు హాల్ టికెట్ ఇవ్వబడదని తెలియజేయడమైనది.

కాలేజీ పేరు చెప్పి పిల్ల ఎక్కడికి వెళ్తున్నదో విచారించుకోవడం పెద్దల బాధ్యత.

ప్రభువునందు నిద్రించిన మా అక్క లేయా గారు ముప్పై ఏళ్లు నడిపిన బడి ఇది. ఆమె తర్వాత డిసెంబరులో నేను బాధ్యత తీసుకున్నాను. ప్రభుత్వ సాయం గానీ, ఏ పెద్ద మిషను అండ గానీ లేకుండా సొంత కాళ్ల మీద నిలబడ్డ సంస్థ. అలా నిలబడాలంటే క్రమశిక్షణ ముఖ్యం.

ఇట్లు,
సలోమోను
కరస్పాండెంట్

తా.క.: సంజాయిషీ ఏదైనా ఉంటే రాతపూర్వకంగానే ఇవ్వవలెను. ఆఫీసుకు ఫోను చేసి అరవడం నిషిద్ధం.

*

ఆగిరిపల్లి
ఏప్రిల్ 3

కరస్పాండెంటు సలోమోను గారికి వెంకాయమ్మ దండం పెట్టి రాసేది.

దండం మర్యాద కోసం పెట్టాను. కోపం మాత్రం అలాగే ఉంది.

మీ కాగితం అందింది. ఎవరు తెచ్చారో తెలుసా? మౌనికే తెచ్చింది. ఎండలో మా ఇంటిదాకా రావడం ఎందుకని మీ అటెండరు పోతురాజు బడి వరండాలో దాని చేతిలోనే పెట్టాడంట. బడికి రాని పిల్లకి బడిలో ఉత్తరం ఎట్లా ఇచ్చారండీ? ముందు ఆ సంగతి చెప్పండి.

పొద్దున ఏడున్నరకి నా చేతుల్తో క్యారేజీ కట్టి ఇస్తున్నా. అది సైకిలు మీద మీ గేటులోకి వెళ్తుంటే మా జట్టంతా చూస్తోంది. మేం కాయ కోసే తోట మీ గోడ పక్కనే కదా! అయినా పెద్దమనిషి రాశారు కదా అని నిలదీశా. "బడికే వెళ్తున్నా నాయనమ్మా. నా అటెండెన్స్ ఏమైందో ఆ కరస్పాండెంట్ గారినే అడుగు" అని మూతి తిప్పుకుని పోయింది. మొండిది. నా పోలికే.

మా ఇంట్లో అందరం చెట్ల కింద బుట్టలు మోసినవాళ్లమే. పుస్తకాలు మోసింది అదొక్కతే. ఎల్‌కేజీలో మీ బడిలో వేశాం, ఇన్నేళ్లలో ఇంకో బడి గుమ్మం తొక్కలేదు. మా ఇంటికి మొదటి డిగ్రీ అది. ఇంకో మెట్టు ఉందనగా కిందికి తోసేస్తానంటే నేను ఊరుకుంటానా? బైబిల్లో న్యాయంగా తీర్పులు చెప్పిన రాజు పేరు పెట్టుకుని, విచారణ లేకుండానే తీర్పు చెప్పేస్తారా?

కోపం సంగతి ఎట్లా ఉన్నా సోమవారం కలెక్టరు మీ బడికి వస్తుంది. లేయమ్మ గారున్నప్పుడు ప్రతి ఏడూ వచ్చేది. ఈ ఏడూ ఆపను.

ఇట్లు,
వెంకాయమ్మ

తా.క.: కరస్పాండెంటు అంటే ఉత్తరాలు రాసేవాడని డిక్షనరీలో ఉందంట. నిజమే, రాయడం మీకు బాగానే వచ్చు. కుర్చీలోంచి లేచి తరగతులు చూడటమే రావట్లేదు.

*

ఒలీవ కొమ్మ విద్యాలయం
ఏప్రిల్ 4

వెంకాయమ్మ గారికి శుభములు.

ముప్పై ఏళ్లు ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో ఫైళ్లు చూసినవాణ్ణి. బెదిరింపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక్క హాల్ టికెట్ కోసం జిల్లా కలెక్టర్నే దింపుతారా? పైగా "వస్తుంది", "వచ్చేది" అని రాశారు. అంత పెద్ద అధికారిణితో మీకంత చనువుందని నేనెరగను.

స్పష్టంగా చెబుతున్నాను. ఇది స్వతంత్ర పాఠశాల. కలెక్టర్ గారు వచ్చినా, వారి పైవారు వచ్చినా, పదకొండు శాతం డెబ్బై ఐదు కాదు. ప్రార్థనకు తప్ప మేం తల వంచం.

గేటుకు రంగు వేయిస్తున్న మాట నిజమే. ఎప్పటి నుంచో అనుకున్నదే. యూకేజీ పిల్లలకు స్వాగత గీతం నేర్పించమన్నదీ నిజమే. పిల్లలకు పాటలు నేర్పడం బడి పని. మరుగుదొడ్లు కడిగించడం ఆరోగ్యం కోసం. ఇందులో ఒక్కటీ భయపడి చేస్తున్నది కాదు.

రాని పిల్లకు ఉత్తరం ఎలా ఇచ్చారన్న మీ ప్రశ్న పరిశీలనలో ఉన్నది. పోతురాజును రాతపూర్వకంగా సంజాయిషీ అడిగాను. అతనికి రాయడం రాదట.

ఇట్లు,
సలోమోను
కరస్పాండెంట్

తా.క.: కలెక్టర్ గారు మధ్యాహ్నం భోజనం ఇక్కడే చేస్తారా? శాకాహారమా, మాంసాహారమా? ఊరికే అడుగుతున్నాను.

*

ఆగిరిపల్లి
ఏప్రిల్ 5

సలోమోను గారికి వెంకాయమ్మ రాసేది. ఈసారి దండం లేదు.

తల వంచమని మిమ్మల్ని ఎవరడిగారండీ? మా కలెక్టరు వస్తుందంటే లేయమ్మ గారు గేటుదాకా ఎదురొచ్చేవారు, నవ్వుతూ రెండు చేతులా దింపుకునేవారు. మీరేమో గొడవకొచ్చినట్టు మాట్లాడుతున్నారు. మా చేతిది మీకు పనికిరాదా? అట్లా అయితే అట్లా అనే రాయండి, నేనూ నాలుగు మాటలు రాస్తా.

ఆ భోజనం గొడవేంటో నాకు బుర్రకెక్కలేదు. కలెక్టరు భోజనం చెయ్యడమేంటి? భోజనమయ్యాక మీరే తీరుబడిగా కోసుకోండి. పలచగా ముక్కలు తరిగి ఉప్పూ కారం అద్దండి. తొక్క మాత్రం తియ్యొద్దు, రుచంతా అక్కడే.

ఇక హాల్ టికెట్. మీరు ఇవ్వకపోతే ఇరవై ఒకటో తారీఖున మా జట్టు ఇరవై మందిమీ వచ్చి పరీక్ష హాలు గుమ్మంలో బుట్టలు బోర్లించి వాటి మీద కూర్చుంటాం. తోటలో కోత ఆగిపోయినా సరే. మౌనిక లోపలికి వెళ్లేదాకా ఇంకెవరూ వెళ్లరు. మీది స్వతంత్ర బడి అయితే నాదీ స్వతంత్ర నోరే. ఇదంతా రాతపూర్వకంగానే ఇస్తున్నా, దాచుకోండి.

ఇట్లు,
వెంకాయమ్మ

తా.క.: కొంతమందికి కలెక్టరు పడదు, దగ్గొస్తుంది. మీకు అట్లాంటిదేమన్నా ఉంటే ముందే చెప్పండి, సగమే పంపుతా.

*

ఒలీవ కొమ్మ విద్యాలయం
ఏప్రిల్ 7, సోమవారం

వెంకాయమ్మ గారూ,

శుభములు అని మొదలుపెట్టే మొహం ఈరోజు నాకు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జిల్లా అధికారిని ముక్కలు తరిగి ఉప్పూ కారం అద్దమని ఒక పెద్దావిడ రాస్తే, పోలీసులకు చెప్పాలో డాక్టరుకు చెప్పాలో తేలక, నిన్న ప్రార్థనలో పెట్టాను. సగం కలెక్టరును ఎలా పంపుతారో మాత్రం ప్రార్థనలో కూడా అర్థం కాలేదు.

ఇవాళ పదింటికి కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. రంగు ఇంకా ఆరలేదు. కోటు వెనకంతా ఆకుపచ్చ అయింది. పక్కన బ్యాండు. అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "కలెక్టర్లని ఎక్కడ దింపమంటారండీ?" అన్నాడు.

"ఎంతమంది?" అన్నాను.

"రెండు గోతాలండీ."

అప్పటికే బ్యాండు మొదలైపోయింది.

కొస వంపు తిరిగిన ఈ మామిడికాయని ఇక్కడ కలెక్టరు అంటారని పోతురాజు అప్పుడు చెప్పాడు. మేం తోతాపురి అనేవాళ్లం. మరి నాలుగు రోజులుగా నేను గేటుకు రంగు వేయిస్తుంటే ఎందుకు చెప్పలేదురా అంటే, "మీరు రాతపూర్వకంగా అడగలేదు కదండీ" అన్నాడు.

నవ్వుకోండి, ఫరవాలేదు. అసలు సంగతి వేరే ఉంది. యూకేజీ పిల్లలు ఇరవై ఏడుగురూ ఆ గోతాల ముందు నిలబడి స్వాగత గీతం పాడారు. ఒక్కరూ వరస తప్పలేదు, ఒక్కరూ ముక్కులో వేలు పెట్టలేదు. వెనక ఒక అమ్మాయి నిలబడి కళ్లతోనే అందరినీ నడిపిస్తోంది. ఈ టీచరు ఎవరని అడిగాను. "మౌనికండీ" అన్నాడు పోతురాజు.

యూకేజీ టీచరు వినీల జనవరి ఇరవైన ప్రసవానికి సెలవు పెట్టింది. ఆ రోజు నుంచీ మీ మనవరాలు ఆ గదిలో ఉంది. అక్కడి రిజిస్టరులో ఆమె హాజరు నూటికి నూరు. ఎవరు పంపారని అందరి ముందూ మండిపడ్డాను. ఆ అమ్మాయి లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "డిగ్రీ విద్యార్థిని మౌనికను తాత్కాలికంగా యూకేజీకి పంపవలెను." కింద సంతకం నాది. చదవకుండా పెట్టిన సంతకం.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"సంతకం పెట్టినవారికి గుర్తుండాలి కదండీ" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

యూనివర్సిటీకి ఇప్పుడే రాశాను. తప్పు నాది, ఈ అమ్మాయి మా ఆవరణలో ఒక్కరోజు కూడా గైర్హాజరు కాలేదు, నిబంధన అడ్డొస్తే నన్ను తీసేయండి గానీ ఆమె పరీక్ష రాసి తీరుతుంది అని. వాళ్ల జవాబు కోసం చూడను. హాల్ టికెట్ నా చేతులతో నేనే మౌనికకు ఇచ్చాను. ఎక్కడికి వెళ్తున్నదో విచారించుకోమని మీకు రాసిన మాటకు క్షమించండి.

ఇంకొక్కటి. వినీల ఇక తిరిగి రానని కబురు పంపింది. జూన్ నుంచి ఆ ఉద్యోగం మౌనికకే ఇస్తున్నాను. దరఖాస్తు కూడా అక్కర్లేదు. మీరు సంతోషిస్తారని తెలుసు.

ఇట్లు,
సలోమోను

తా.క.: తొక్క తియ్యలేదు. ఇప్పటికి ముగ్గురు కలెక్టర్లు అయిపోయారు. దగ్గు రాలేదు.

*

ఆగిరిపల్లి
మే 12

సలోమోను గారికి వెంకాయమ్మ దండాలు. ఇవి మనస్ఫూర్తిగా పెట్టిన దండాలు.

కోతల హడావిడిలో జవాబు ఆలస్యమైంది. మౌనిక ఆఖరి పరీక్ష మొన్ననే అయిపోయింది. హాల్లోంచి నేరుగా తోటకొచ్చి, "అయిపోయింది నాయనమ్మా!" అని జట్టు మధ్యలో నన్నెత్తి గిరగిరా తిప్పేసింది. నా నడుం పట్టేసింది. ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావంటే నడుం నొప్పని చెప్పా.

మీరు తప్పు ఒప్పుకున్నారు, అదీ కాగితం మీద. అరవై రెండేళ్లొచ్చాయి నాకు, మగవాడు రాతపూర్వకంగా తప్పు ఒప్పుకోవడం ఇదే చూడటం. ఆ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను.

ఇక మీరిచ్చిన ఉద్యోగం. మౌనిక రాదు. మంచి మనసుతోనే ఇచ్చారు, కాదనను. కానీ పదిహేడేళ్లు మీ గేటులో తిరిగిన పిల్ల మళ్లీ అదే గేటులోంచి యూకేజీ గదికి పోవడానికా నేను చదివించింది? విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతుందంట, ఎంట్రన్సు రాస్తోంది. మధ్యలో మెత్తబడింది. "నేను లేకపోతే ఆ పిల్లలు ఏడుస్తారు" అంది. ఏడిస్తే ఊరుకోబెట్టే మనిషి దొరుకుతుంది, నువ్వు వెళ్లవే అని గదమాయించా.

ఆ మనిషిని నేనే. దీన్నే నా దరఖాస్తు అనుకోండి. ఇంగ్లీషుకీ లెక్కలకీ టీచరమ్మని మీరు పెట్టుకోండి. అఆలు దిద్దించడం, పాటలు, ముక్కులు తుడవడం నాకొదిలెయ్యండి.

ఎక్కడ చదివావని అడుగుతారు. మీ బడిలోనే. మౌనికని ఎల్‌కేజీలో వేసిన రోజు అది నా కొంగు వదల్లేదు. లేయమ్మ గారు చూసి, "అయితే నువ్వూ కూర్చో వెంకాయమ్మా" అన్నారు. ఊరికే అన్నారేమో, నేను నిజంగానే కూర్చున్నా. పని లేనప్పుడల్లా వెళ్లి కూర్చున్నా. ఆ చిన్న బల్ల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేవి. పిల్లలు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. అది అ దిద్దితే నేనూ అ దిద్దా. రెండేళ్లకి అది ఒకటో తరగతికి పోయింది, నేను తోటకి పోయా. మిమ్మల్ని ఇన్ని ఉత్తరాల్లో తిట్టింది ఆ రెండేళ్ల చదువుతోనే.

మీరు రిజిస్టర్లు బాగా చూస్తారు కదా, ఆ రెండేళ్లవీ తీసి చూడండి. నా పేరు ఎక్కడా ఉండదు. జూన్‌లో రాసుకోండి.

ఇట్లు,
వెంకాయమ్మ
యూకేజీ పాస్

తా.క.: కుదరదని చెప్పాలంటే మాత్రం ఉత్తరం రాయకండి. తోటకొచ్చి నా మొహమ్మీదే చెప్పండి. కాయ కోసే కర్ర చేతిలోనే ఉంటుంది.