ఏడో పాట

గురువారం రాత్రి

ఆల్బమ్‌లోంచి ఏడో పాట తీసేద్దామనుకున్నాను. గిటారు, నా గొంతు, వెనక మెత్తగా డ్రమ్స్, అంతే. మరీ నిదానం. వినేవాళ్ళు నిద్రపోతారేమోనని భయం. పాట ఎలా కుదిరిందో కారులో వింటేనే తెలుస్తుంది. అందుకే సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ శ్రీనివాస్ గారి కారులో పెట్టాను. నాదని చెప్పలేదు.

పక్కవీధిలో ఉండే ఈయన సిటీ నుంచి మేముండే శివారు పాయింట్ కుక్ దాకా రోజూ క్రికెట్ గురించి మాట్లాడుతూనే డ్రైవ్ చేస్తారు. ఇవాళ రెండో చరణానికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. నచ్చలేదేమోనని ఆపబోయాను.

"ఉండనీయండి," అన్నారు.

పాట అయ్యేసరికి ఫ్రీవే మీద మేం దిగాల్సిన చోటు దాటిపోయింది.

"అరె, ఎగ్జిట్ మిస్సయ్యామండీ. ఎవరిదీ పాట?"

"నాదేనండి."

ఓసారి నా వైపు చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగారు. "ఎలాగూ నెక్స్ట్ ఎగ్జిట్ దాకా పోవాలిగా. ఇంకోసారి పెట్టండి."

ఈసారి చరణం ఆయనే అందుకున్నారు, శ్రుతి లేకుండా. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "ఇంత లేటయిందేంటి, ట్రాఫిక్కా?"

"కాదు, ఏడో పాట."