బేరింగుకు వాము

నేను నూనె పోయకనే మిల్లు బేరింగు పట్టేసిందని రాసి నన్ను పనిలోంచి తీసేశారు, మేనేజరు గారూ. నెల ముందే "సార్, ఎడమ బేరింగు అరుగుతాంది" అని చెప్పలేదా? "అరిగితే మంచిదే కదప్పా, అరక్కపోతేనే వాము నమలాల" అని మీరు పగలబడి నవ్వారు.

ఆ బేరింగులోంచి కారిన నూనెబొట్టును గాజుముక్క మీద ఎండలో పెట్టి మీకు మెరుపు చూపించాను. ఆ మెరుపు అరిగిన ఇనుమేనని, అది వెంట్రుకలో పదో వంతు నలుసులుగా నూనెలోకి రాలుతుందని నంద్యాల లైబ్రరీలో చదివాను. రోజూ మెరుపు ఎంత పెరిగిందో చూస్తే బేరింగు చావురోజు చెప్పొచ్చు. ఉలి ఎప్పుడు మొద్దుబారుతుందో ఆళ్లగడ్డ శిల్పులకు చదవకుండానే తెలుసు. మీకు చూపించినా తెలీలేదు.

నన్ను గెంటిన రోజు కుడి బేరింగు నూనె కూడా అట్లే మెరిసింది. నా లెక్కన అది వచ్చే శుక్రవారం దాటదు. తప్పు నాది కాదని రాసి, నన్ను పనిలోకి పిలుస్తూ గురువారంలోగా జవాబివ్వండి. ఈ గడువు పెట్టింది బేరింగే.