ఓడలో మీ మంచం

మయూర్ విహార్, 9-11-95. అయిన పనులు: బట్టలుతికాను, రజాయిలు ఎండలో వేశాను, అండమాన్ ఓడకు మూడు టిక్కెట్లు కొన్నాను.

అత్తయ్యగారికి నమస్కారాలు. ఓడ గదిలో రెండే మంచాలు, నాకు చోటెక్కడ, నేను రానని రాశారు. మూడోవారికి సోఫా ఉంది, లాగితే పక్క అవుతుంది. మా ఇంటి సోఫా కమ్ బెడ్ మీద మీ అబ్బాయిని పడుకోబెట్టి చూశాను. పిక్కల దాకా కాళ్లు బయటే! నాకు మాత్రం దాని మీద హాయిగా నిద్రపట్టింది.

"అమ్మ కింద చాప వేసుకుంటానంటుంది, చూస్కో" అన్నారు మీ అబ్బాయి.

"ఆ చాప నేను సముద్రంలో పడేస్తానని చెప్పండి" అన్నాను.

కనుక సోఫా నాది, మంచం మీది. మోకాళ్ల నూనె మరవకండి. మాగాయ మిగిలిందా?

కాపురానికొచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే, మీ మంచం నాకిచ్చి మీరు చాప మీద పడుకున్నారు. ఆ బాకీ ఇక్కడితో చెల్లు.

మీ దీవెనలు కోరే కోడలు,
సుభాషిణి