కోపాల కుండ

సోమవారం
ఒట్టు! ఇక కోపంలో ఎవరికీ మెయిల్ పంపను. వేడినీళ్ళ గురించి వార్డెన్‌గారికి పంపిన మెయిల్‌కి క్షమాపణ పత్రం రాసిచ్చుకున్నాను, చాలు. మా యూనివర్సిటీ మెయిల్‌లో ఒకసారి పంపితే వెనక్కి తీసుకునే దారే లేదు. అందుకే నేనే ఒక టూల్ తయారుచేశాను. పేరు ‘కుండ’. రాసింది నేరుగా వెళ్ళదు, కుండలో పడుతుంది. మర్నాడు చల్లగా చదువుకుని పంపాలో చింపాలో తేల్చుకోవడమే. కంప్యూటర్ సెంటర్‌వాళ్ళకి చెప్పలేదు. చెబితే కమిటీ వేస్తారు!

ఈ వారం నా బతుకు గైడ్ మేడమ్ చేతిలో ఉంది. శుక్రవారంలోగా సిఫారసు ఉత్తరం ఇస్తే సెలవుల్లో ట్రైనింగ్. ఇవ్వకపోతే సెలవులంతా బాబాయి షాపులో జెరాక్సులు తీయడం.

మంగళవారం
కుండలో రెండు: మెస్‌కి ఒకటి, లైబ్రరీకి ఒకటి. రెండూ చింపేశాను. నా మీద నాకే ముచ్చటేసింది!

రూమ్మేట్ చూసి “నాకూ పెట్టవే” అంది. ఈ పిల్లని అందరం ‘నిదానం’ అంటాం.
“నీకసలు కోపమే రాదుగా?”
“వస్తుందే. కాస్త ఆలస్యంగా వస్తుంది.”
సాయంత్రానికి హాస్టల్లో మా ఫ్లోరంతా కుండ పెట్టేసుకుంది.

బుధవారం
మేడమ్ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇప్పటికి మూడు మెయిళ్ళు. మీ ఆరోగ్యం, మీ విలువైన సమయం, మీ ఆశీస్సులు... ఇంకెంత మర్యాదగా అడగాలి?

ఇది కోపం కాదు, ఆందోళన. ఆందోళనలో రాయనని ఒట్టు వేయలేదుగా! రాశాను. ‘మేడమ్, ఉత్తరం ఇస్తారా, ఇవ్వరా? శుక్రవారంలోగా కావాలి. ఇవ్వనంటే ఇవ్వనని చెప్పండి, ఇలా గుమ్మంలో నిలబెట్టకండి.’

పంపనులెండి. కుండలోనే ఉంటుంది. చింపడానికి మాత్రం మనసొప్పలేదు, భాష బాగా కుదిరింది.

గురువారం, మధ్యాహ్నం
ఫ్లోర్‌లో ఎవరూ చింపడం లేదట. అందరికీ భాష బాగానే కుదిరిందట!

కరెంటు పోయింది. అందరి కుండలూ నడిచేది నా పాత లాప్‌టాప్ మీదే. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటొచ్చింది, లాప్‌టాప్ లేచింది. లేస్తూనే, కుండలో ఉన్నవన్నీ పంపడం మరిచిపోయిన మెయిళ్ళనుకుని పంపేసింది. అన్నీ!! అలా చేయమని రాసిపెట్టిన మహాతల్లిని నేనే.

సాయంత్రం
వార్డెన్‌గారు ఫోన్ పట్టుకుని గదిగదికీ వస్తున్నారు.
“‘మీరసలు మనసున్న మనిషేనా’ మెయిల్ ఈ గదిదేనా?”
నిదానం తలుపు కొంచెం తీసింది. “నాదేనండీ. అది రెండేళ్ళ కిందటి కోపం.”
నాకు నవ్వు కూడా రాలేదు. చెవుల్లో బాబాయి జెరాక్స్ మిషను చప్పుడే వినిపిస్తోంది.

శుక్రవారం
మేడమ్ జవాబు! తెరవడానికి ధైర్యం చాలక నిదానం చేత చదివించాను.
‘ఉత్తరం జతచేశాను. నీ పాత మెయిళ్ళు మూడూ చూశాను. క్షేమం అడుగుతున్నావనుకున్నాను. నీకేం కావాలో నిన్ననే తెలిసింది. అన్నట్టు, ఉత్తరంలో నువ్వు ఓర్పు గల అమ్మాయివని రాశాను. నా మాట నిలబెట్టు.’
ఏడ్చేశాను. సంతోషమే!

సాయంత్రం కంప్యూటర్ సెంటర్ నుంచి మెయిల్: అనుమతి లేని కుండని వెంటనే మూసేయాలట. మూసేశాను. ఓర్పు గల అమ్మాయిని కదా.

కానీ ఎంత పొగరు! వాళ్ళ మెయిల్ సరిగ్గా ఏడిస్తే నేనెందుకు కుండ పెడతాను?

ఒట్టు. కోపంలో ఎవరికీ మెయిల్ పంపను. రేపటి నుంచి. ఇవాళ్టికి ఈ ఒక్కటీ పంపేసి.