నీ జానెడే కొలత

కోరుట్ల, అక్టోబరు 2011

అమ్మీ, సలాం. సమ్మె అని దిగులు పడకు, బాగున్నాను. మన టీవీ కింద పెట్టే కంప్యూటర్ తయారైంది! స్టాండులో కింది అర ఎత్తు జానెడని నువ్వంటే, నా జానతో చూసి కంప్యూటర్ పెట్టె కొన్నాను. అందులో భాగాలు బిగించబోతూ ఆ సంగతి చెబితే మా షాపు ఖాజాభాయ్ నవ్వాడు.

"అరె, మీ అమ్మ చెయ్యి గింత పెద్దగుంటదా?"

నీ అంతే ఉండే వాళ్లమ్మను పిలిచి కొలిపించి, పొట్టి పెట్టె మార్చుకొచ్చి అందులో బిగించాం. ఫ్యాను చప్పుడే లేదు! బస్సులు మొదలవగానే సిరిసిల్ల తెస్తాను. చెల్లి యాస్మీన్ నిఖా వీడియో అందరం చూద్దాం. పైన మాత్రం నీ లేసు గుడ్డ కప్పకు, వేడి పోదు. అబ్బాకు దగ్గు తగ్గిందా?

కొలిచాక ఆ పెద్దమ్మ అదే చెయ్యి నా తల మీద పెట్టి, "గిది మీ అమ్మదే అనుకో బేటా" అంది. అలాగే అనుకున్నాను.

నీ ఆదిల్